ముందు బరువెక్కడుందో చూడు, బూస్ట్ సంగతి తర్వాత

ప్రశ్న: నమస్తే అన్నా. మాది కూకట్‌పల్లి. ఐదేళ్లుగా అమెరికాలో, యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగం. ఆఫీసు మిత్రులతో కలిసి మంచు కొండల్లో తిరగడం అలవాటైంది. పోయిన సీజన్ చివర్లో సెకండ్ హ్యాండ్‌లో 850 సీసీ టర్బో మౌంటెన్ స్నోమొబైల్ (ముందు స్కీలనే రెండు పలకలు, వెనక రబ్బరు ట్రాక్ ఉండి మంచు మీద పోయే బండి) కొన్నాను. టూ స్ట్రోక్ ఇంజిన్, 165 అంగుళాల ట్రాక్. పాత ఓనరు 110 కిలోల మనిషి, నేను 64 కిలోలు. బండి చేతికి చాలా బరువుగా ఉంది. కొండవాలుకి అడ్డంగా పోదామంటే పక్కకి వాల్చలేకపోతున్నాను. గంటకే భుజాలు పట్టేస్తున్నాయి. థ్రాటిల్ నొక్కితే ఒక క్షణం ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా తన్నుకొచ్చి మంచులో గొయ్యి తవ్వుకుని కూరుకుపోతుంది. ‘కంప్యూటర్ ట్యూన్ చేయించి బూస్ట్ పెంచు, బండి తేలికైపోతుంది’ అంటున్నాడు ఒక మిత్రుడు. దసరాకి ఇంటికొచ్చాను, నవంబరులో వెనక్కి వెళ్తున్నాను. మంచు పడేలోపు ఏం చేయించాలి? నన్ను మీ తమ్ముడనుకుని చెప్పండి.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాలన్నీ స్కూటర్లు, ఆటోలు, డీజిల్ కార్ల మీదే. నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ముషీరాబాద్‌లో షెడ్డు పెట్టుకోకముందు ఐదు శీతాకాలాలు కెనడాలోని రెవెల్‌స్టోక్‌లో, స్నోమొబైళ్లు అద్దెకిచ్చే చోట మెకానిక్‌గా పనిచేశాను. ఆ ఊరి ఎత్తు 480 మీటర్లే, మన హైదరాబాద్ కంటే తక్కువ. కానీ ఊరు దాటి బౌల్డర్ మౌంటెన్ ఎక్కితే మనిషి నడుము దాకా మంచు. పొద్దున ఎనిమిదింటికి బండ్లు పైకి పంపడం, సాయంత్రం ఐస్ కొట్టి వాటిని మళ్లీ సిద్ధం చేయడం, ఇదే నా పని.

బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే ఒత్తిడి, పెంచొద్దు. ఈ సీజన్‌కి ఆ మాటే మర్చిపో. చేతికి బరువుగా ఉండటానికీ ఇంజిన్ శక్తికీ సంబంధం లేదు. ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చిన టూ స్ట్రోక్ స్నోమొబైల్‌ని మొదట స్కీ-డూ 2021 మోడల్‌గా తెచ్చింది. 165 హార్స్‌పవర్, 8,000 అడుగుల ఎత్తు దాకా తగ్గకుండా ఇస్తుంది. ఆ తర్వాత పొలారిస్ కూడా తెచ్చింది. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది, పదివేల అడుగులకి వెళ్లేసరికి మూడో వంతుకి దగ్గరగా పోతుంది. నీ బండికి అంత బాధ లేదు. 64 కిలోల మనిషికి ఆ శక్తి కావలసినదానికంటే ఎక్కువే. నీకు తక్కువైంది శక్తి కాదు, నీ ఒంటికి తగిన సెట్టింగ్.

జవాబు నీ ఉత్తరంలోనే ఉంది: పాత ఓనరు 110 కిలోలు. ఆయన తన బరువుకి వెనక సస్పెన్షన్ స్ప్రింగులు బిగించుకుని ఉంటాడు. నువ్వెక్కితే అవి దిగవు. వెనక భాగం ఎత్తుగా నిలబడిపోతుంది, బరువంతా ముందుకి, అంటే స్కీల మీదకి పడుతుంది. స్కీల మీద బరువు పడితే హ్యాండిల్ బరువెక్కుతుంది. నీ భుజాలు పట్టేయడానికి నేను మొదట అనుమానించేది దీన్నే.

చూసుకోవడం తేలిక. ఒక మనిషిని సాయం పిలువు. బండి వెనక బంపర్ పట్టుకుని సస్పెన్షన్ పూర్తిగా సాగేదాకా పైకెత్తించి, నేల నుంచి బంపర్ దాకా టేపుతో కొలువు. తర్వాత బూట్లు, జాకెట్, బ్యాగు అన్నీ వేసుకుని, నువ్వు నడిపేటట్టే బండి ఎక్కు. మళ్లీ కొలిపించు. తేడా రెండు నుంచి మూడు అంగుళాలు ఉండాలి. అంగుళం కూడా లేకపోతే వెనక ప్రీలోడ్, అంటే స్ప్రింగుకి ముందే ఇచ్చిన బిగింపు, వదులు చెయ్యి. కొన్ని బండ్లకి క్యామ్ తిప్పితే చాలు, కొన్నింటికి షాక్ మీది రింగు తిప్పాలి. అప్పటికీ దిగకపోతే నీ బరువుకి తగిన మెత్తటి స్ప్రింగులు వేయించాలి. ఈ సీజన్‌లో డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే మొదటి ఖర్చు దీనికే పెట్టు.

తర్వాత ముందు షాకులు. వాటి ప్రీలోడ్ తగ్గిస్తే హ్యాండిల్ తేలికవుతుంది, బండి పక్కకి సులువుగా వాలుతుంది. మరీ తగ్గిస్తే గట్టి మంచు దారిలో ముందు భాగం ఊగుతుంది కాబట్టి రింగుని ఒక్కో చుట్టు చొప్పునే తిప్పు. ట్రాక్ లోపల ముందువైపు ఉండే షాక్ మాత్రం దీనికి తిరగబడి పనిచేస్తుంది: దాన్ని గట్టి చేస్తే స్కీల మీద బరువు తగ్గుతుంది, మెత్తన చేస్తే పెరుగుతుంది. ఈ రెండూ కలగలిపేసుకుని రెండు రోజులు తిప్పలు పడినవాళ్లని చాలామందిని చూశాను. నీ నోటుబుక్కులో ముందే రాసి పెట్టుకో.

లిమిటర్ స్ట్రాప్ సంగతి. ట్రాక్ సస్పెన్షన్ ముందు భాగం ఎంత కిందికి దిగాలో ఆ పట్టీ ఆపుతుంది. వదులు చేస్తే స్కీలు తేలికవుతాయి, కానీ థ్రాటిల్ నొక్కగానే ముందు భాగం గాల్లోకి లేస్తుంది, వెనక ట్రాక్ కిందికి తవ్వుకుంటుంది. బిగిస్తే స్కీలు మంచుని అంటిపెట్టుకుంటాయి, కానీ హ్యాండిల్ బరువెక్కుతుంది. బండి గొయ్యి తవ్వుకుంటోందని రాశావు. పాత ఓనరు ఈ పట్టీ వదులు చేశాడేమో చూడు. వెనక స్ప్రింగులు సరిచేసి ఒక రోజు నడిపాకే దీన్ని ముట్టుకో. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో నీకే తెలియదు.

స్వే బార్, అంటే బండి పక్కకి వాలకుండా ముందు రెండు వైపుల సస్పెన్షన్‌నీ కలిపే కడ్డీ, ఉంటే తీయించు. లోతైన మంచులో తిరిగేవాళ్లు చాలామంది తీసేస్తారు, చాలా మౌంటెన్ బండ్లు అది లేకుండానే వస్తాయి. స్కీల మధ్య వెడల్పు తగ్గించే వీలుంటే తగ్గించు, బండి ఒక పక్కకి వాలడం ఇంకా సులువవుతుంది.

ఇక థ్రాటిల్ ఆలస్యం. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను.

మీ ఇంట్లో యాక్టివా ఉంటే దాన్ని ఒకసారి గుర్తు చేసుకో. ఎడమవైపు కవరు తీస్తే ముందు వేరియేటర్, వెనక మరో పుల్లీ, రెండింటి మధ్య బెల్టు. వేగం పెరిగేకొద్దీ వేరియేటర్ లోపలి రోలర్లు బయటికి తోసుకొచ్చి పుల్లీని దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది, గేరు మారినట్టవుతుంది. నీ స్నోమొబైల్‌లోనూ ఇదే సూత్రం, అదీ ఎడమవైపే. రోలర్ల బదులు ముందు క్లచ్‌లో చేతుల్లాంటి వెయిట్లు ఉంటాయి, వెనక క్లచ్‌లో స్ప్రింగు, హీలిక్స్ అనే మెలిక వాలు ముక్క ఉంటాయి. రోలర్లు తేలికైతే యాక్టివా ఎక్కువ ఆర్పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) తిరుగుతుంది, బరువైతే తక్కువలో. వెయిట్లూ అంతే.

టర్బో ఆలస్యమని జనం అనేదాంట్లో నా లెక్కలో సగానికి పైగా క్లచ్ ఆలస్యమే. టర్బోకి ఎగ్జాస్ట్ గాలి కావాలి. ఇంజిన్ తక్కువ ఆర్పీఎంలో ఉండగానే క్లచ్ బెల్టుని పట్టేసి పై గేరులోకి లాగితే, గాలి చాలక టర్బో పడుకునే ఉంటుంది. నువ్వు థ్రాటిల్ నొక్కుతావు, ఇంజిన్ ఈడుస్తుంది. టర్బో నిండగానే శక్తంతా ఒకేసారి వచ్చి పడుతుంది, ట్రాక్ గిర్రున తిరిగి గొయ్యి తవ్వుతుంది. నువ్వు రాసింది సరిగ్గా ఇదే.

కాబట్టి ముందు ఉన్నవాటిని బాగుచేయించు. రెండు క్లచ్‌లూ విప్పించి బుష్‌లు, రోలర్లు అరిగాయేమో చూపించు. పుల్లీ ముఖాల మీద నల్లటి రబ్బరు పొర ఉంటే గరుకు ప్యాడ్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించు. నూనె చుక్క కూడా తగలకూడదు. బెల్టు వెడల్పు కొలిపించు, అరిగిన బెల్టు పుల్లీలో కిందికి దిగి మొదటి లాగుడే పోగొడుతుంది. కొత్త బెల్టు వేస్తే మొదటి 50 కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. బెల్టు టెన్షన్, రెండు క్లచ్‌ల వరస కూడా మాన్యువల్ ప్రకారం పెట్టించు. థ్రాటిల్ కేబుల్ వదులుందేమో చూడు. చాలా బండ్లలో సగం రోగం ఇంతటితో పోతుంది.

అప్పటికీ మిగిలితే వెయిట్ల పని. మంచులో, నిజమైన ఎక్కుడులో, పూర్తి థ్రాటిల్‌లో ఆర్పీఎం ఎంత చూపిస్తుందో చూడు. మాన్యువల్‌లో రాసిన సంఖ్య కంటే ఎక్కువ తిరుగుతుంటే వెయిట్ చేర్చాలి, తక్కువ తిరుగుతుంటే తీయాలి. సర్వీస్ షెడ్డు ముందు ఖాళీ స్థలంలో కాదు, ఎక్కుడులోనే చూడాలి. ఇది నాకు కష్టపడి వచ్చిన జ్ఞానం. మూడో శీతాకాలంలో ఒక టర్బో బండికి పికప్ కోసం వెయిట్లు బాగా తేలిక చేశాను. పార్కింగ్ దగ్గర చెయ్యి వేస్తే దూకింది, నాకెంతో సంతోషమైంది. పైన లోతైన మంచులో బూస్ట్ నిండగానే ఆర్పీఎం హద్దు దాటింది, తేలిక వెయిట్లు బెల్టుని గట్టిగా పట్టలేకపోయాయి, బెల్టు జారి వేడెక్కి ముక్కలైంది. ఆ ముక్కలు వెనక క్లచ్‌కి చుట్టుకున్నాయి. చీకటి పడుతుండగా, సున్నాకి 18 డిగ్రీలు తక్కువ చలిలో, చేతి తొడుగులు తీసి ఒక్కో పోగూ లాగాల్సి వచ్చింది. ఆ బండి మీద నాతోపాటు ఒక కుర్రాడున్నాడు. వాడి వేళ్లు తెల్లబడటం చూసిన భయం ఇప్పటికీ పోలేదు. అప్పటి నుంచి ఒక్కసారికి గ్రాముకి మించి మార్చను. అన్ని చేతులకీ సమానంగా, బంగారం కొట్లో వాడే లాంటి చిన్న డిజిటల్ తూకం మీద తూచి మరీ వేస్తాను. నువ్వూ అదనపు బెల్టు, దాన్ని మార్చే టూలు బండిలో లేకుండా కొండెక్కకు.

మొదటి పట్టుడు కొంచెం ఎక్కువ ఆర్పీఎంలో రావాలంటే ముందు క్లచ్ స్ప్రింగు మార్చొచ్చు. మరీ ఎక్కువైతే పట్టగానే ట్రాక్ తవ్వుతుంది కాబట్టి టర్బో బండ్లు చేసిన అనుభవం ఉన్న మనిషితోనే చేయించు. నీ బొటనవేలికి కూడా పని చెప్పాలి. మెలికలో థ్రాటిల్ పూర్తిగా వదిలేయకుండా కొద్దిగా పట్టి ఉంచితే టర్బో తిరుగుతూనే ఉంటుంది, శక్తి కావాల్సినప్పుడు మెత్తగా అందుతుంది.

పెట్రోలు గురించి తప్పకుండా చెప్పాలి. యూటాలో చాలా పంపుల్లో మామూలు పెట్రోలు 85 ఆక్టేన్. ఆక్టేన్ అంటే ఒత్తిడికి పెట్రోలు తనంతట తానే పేలకుండా తట్టుకునే కొలత. ఎత్తు ప్రాంతంలో గాలి పలచన కాబట్టి టర్బో లేని పాత ఇంజిన్లకి అది చెల్లుతుందనే అలవాటు అది. నీ టర్బో ఆ పలచన గాలిని మళ్లీ ఒత్తి నింపుతుంది కాబట్టి ఎత్తు సాకు నీ ఇంజిన్‌కి వర్తించదు. మాన్యువల్ అడిగిన ప్రీమియమే పోయించు. అక్కడి పంపు మీద 91 అని ఉంటే మన దగ్గరి లెక్కలో అది 95 చుట్టుపక్కల. తక్కువ ఆక్టేన్‌తో నాకింగ్ (పెట్రోలు అదుపు లేకుండా తనంతట తానే పేలడం) మొదలైతే కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి ఇంజిన్ని కాపాడుకుంటుంది, నీకది మొద్దుగా తోస్తుంది. అదీ ఆపలేకపోతే పిస్టన్ కరుగుతుంది. బూస్ట్ పెంచొద్దనడానికి ఇదీ ఒక కారణం: పెంచిన కొద్దీ ఈ హద్దు దగ్గరవుతుంది, వారంటీ ఏమైనా మిగిలుంటే అదీ పోతుంది. చెట్ల మధ్య ఆగి చాలాసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచినా లోపలి గాలి వేడెక్కి మొదటి లాగుడు పోతుంది. గట్టి దారిలో స్క్రాచర్లు, అంటే మంచుని గీకి పొడి లేపే తీగలు, కిందికి దించు, ట్రాక్ కిందికి మంచుపొడి చేరకపోతే కూలెంట్ చల్లబడదు.

బరువు తగ్గించే విడిభాగాలకి చాలా ప్రకటనలు చూస్తావు. వాటికి ముందు, డబ్బు పెట్టకుండా పోయే బరువు తీసెయ్. 36 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే పెట్రోలే 26 కిలోలకు పైన. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎంత కాలుతుందో రాసుకుని, దానికి కొంత భద్రత కలిపి అంతే పోయించు. రాత్రి ట్రాక్‌లో గడ్డకట్టే ఐస్ ఇంకా పెద్ద దొంగ. బండి ఆపగానే రన్నింగ్ బోర్డులు (కాళ్లు పెట్టుకునే పలకలు), టన్నెల్ (ట్రాక్ పైన ఉండే కప్పు) లోపల కొట్టి శుభ్రం చెయ్యి. నేనైతే చెక్క మొద్దు మీదకి ట్రాక్ ఎత్తిపెట్టే ఇంటికెళ్లేవాణ్ణి. ఆ తర్వాత కూడా డబ్బు పెట్టాలనుంటే తిరిగే భాగాల మీద పెట్టు, ఊరికే వేలాడే భాగాల మీద కాదు. తిరిగేది తేలికైతే ప్రతి థ్రాటిల్‌కీ తేడా తెలుస్తుంది.

ఒక నిజం కూడా వినాలి. 165 అంగుళాల ట్రాక్ లోతైన మంచులో తేలడానికి, నిటారుగా ఎక్కడానికి చాలా మంచిది, కానీ తిరగడానికి బద్ధకిస్తుంది. నీ బరువుకి 154 సరిపోయేది. ఇప్పుడు అమ్మమనడం లేదు. సెట్టింగులన్నీ అయ్యాక మిగిలే కొద్ది బరువు ట్రాక్‌దని తెలిస్తే మళ్లీ క్లచ్ విప్పించవని చెబుతున్నాను.

వాలుకి అడ్డంగా పోయేటప్పుడు చేతులతో లాగకు. కొండ నీ కుడివైపు ఉందనుకో: ఎడమ కాలు తెచ్చి కుడి రన్నింగ్ బోర్డు మీద పెట్టు, ఒంటి బరువంతా కుడివైపు, హ్యాండిల్ మాత్రం ఎడమకి తిప్పు, చిన్న థ్రాటిల్ ఇవ్వు. బండి తనంతట తానే కుడి అంచు మీదకి వాలుతుంది. బలం తొడల్లో ఉండాలి. ఇక్కడున్న నెల రోజులూ పొద్దున్నే మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగు, అక్కడ భుజాలు నీకు కృతజ్ఞతలు చెబుతాయి.

చివరిగా, నీ పెద్దన్నగా. బండి చేతికొచ్చాక ఇంతకుముందు పోలేని చోటికి పోతావు. అవలాంచీలు, అంటే కొండ మీంచి ఒక్కసారిగా విరుచుకుపడే మంచు, ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే, టర్బో బండ్లకి సరదా అనిపించేదీ సరిగ్గా ఆ వాలులే. బయల్దేరే ముందు యూటా అవలాంచీ సెంటర్ ఆ రోజు ఇచ్చే సూచన చదువు. బీకన్ (మంచు కింద కూరుకుపోయిన మనిషిని వెతికే సిగ్నల్ పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) నీ ఒంటి మీద, నీ బ్యాగులో ఉండాలి, బండికి కట్టి కాదు. వాలు మీదకి ఒక్కసారికి ఒక్కరే. ఒకరు ఇరుక్కుంటే రెండోవాడు సాయానికని అదే వాలు ఎక్కకూడదు, మిగతావాళ్లు వాలు కింద బండ్లు ఆపుకుని నిలబడకూడదు. బీకన్ వాడకం క్లాసు ఇంతవరకు చేయకపోతే క్లచ్ డబ్బులు ముందు దానికి కట్టు. జనవరిలో సెట్టింగులు ఎలా పనిచేశాయో నాకు రాయి, నీ అంకెలతో సహా.

ప్రశ్న: డిసెంబరు చివర్లో మా అమ్మతో గుల్‌మర్గ్ వెళ్తున్నాం. అమ్మకి 62 ఏళ్లు, నడుము నొప్పి ఉంది. అక్కడ స్నో స్కూటర్ ఎక్కుతానని పట్టుబడుతోంది. ఎక్కించొచ్చా?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: వద్దమ్మా. గట్టిపడిన మంచు మీద ఆ బండి కుదుపు నేరుగా నడుముకి తగులుతుంది, వెనక కూర్చునేవాళ్లకి ఇంకా ఎక్కువ. అమ్మగారిని గొండోలా, అంటే అక్కడి కేబుల్ కారు, ఎక్కించండి. మొదటి దశ కొంగ్‌డూరి దాకా వెళ్తే చాలు, మంచు చేతికందుతుంది. రెండో దశ 3,900 మీటర్లు దాటుతుంది, ఆ వయసులో డాక్టర్ని అడగకుండా వద్దు. గుల్‌మర్గే 2,650 మీటర్ల ఎత్తు. హైదరాబాద్ 540 మీటర్ల నుంచి వెళ్తున్నారు కాబట్టి మొదటి రోజు నెమ్మదిగా తిరగండి. మీరు స్కూటర్ ఎక్కితే హెల్మెట్ అడిగి తీసుకోండి, కాళ్లు బోర్డు మీదే ఉంచండి, చున్నీ, మఫ్లర్ జాకెట్ లోపలికి దోపుకోండి. వేలాడే గుడ్డ ట్రాక్‌లో పడితే మనిషిని లాగేస్తుంది.

ప్రశ్న: నా 110 సీసీ స్కూటర్‌కి పికప్ కోసం తేలిక రోలర్లు వేయించాను. ఇప్పుడు ఇంజిన్ అరుస్తోంది, 60 దాటి లాగడం లేదు, మైలేజీ పడిపోయింది. మెకానిక్ కార్బన్ క్లీనింగ్ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మొదటి ఉత్తరానికి క్లచ్ వెయిట్ల గురించి రాసిన జవాబు మీకూ సరిపోతుంది. కార్బన్ క్లీనింగ్ వద్దు. రోలర్లు తేలికైతే వేరియేటర్ పూర్తిగా మూసుకోదు, బెల్టు పైకెక్కదు, స్కూటర్ కింది గేరులోనే పరిగెడుతున్నట్టు ఉంటుంది. పాత రోలర్లు దాచుకుని ఉంటే తెచ్చి చూడండి. ఒక పక్క చదునుగా అరిగి ఉంటే మొదట పికప్ పోవడానికి అసలు కారణం అదే. కంపెనీ బరువు రోలర్లు ఆరూ కొత్తవి వేయించండి, విడిగా ఒకటీ రెండూ మార్చొద్దు. కవరు తెరిచినప్పుడే బెల్టు పళ్ల మధ్య చీలికలున్నాయేమో వెలుతురులో వంచి చూపించమనండి.